నివురుగప్పిన నిప్పు మీద నెయ్యి

(కార్తిక వన సమారాధనలకు, ధనుర్మాస నివేదనలకు సిద్ధమవుతున్న ప్రసాద సేవకుల సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)



ముప్పది సంవత్సరాలకు పైగా పాకశాలలోనే స్వామివారి సేవ చేసుకునే భాగ్యం నాకు కలిగింది. వేదికలెక్కి వేదాంతం చెప్పగల పాండిత్యం నాకు లేదు. పొయ్యి దగ్గర నేర్చుకున్న విషయాన్నే నేడు మీ ముందు ఉంచుతాను. విద్యుత్తు లేనిచోట, ఒక చిన్న కుంపటి మీద నెయ్యిని, బెల్లాన్ని మాడకుండా, విరగకుండా, మెల్లగా కరిగించడం ఎలా అన్నదే నా ప్రసంగ విషయం. వినడానికి ఇది మరీ చిన్న సంగతిగా తోచవచ్చు. అయితే నైవేద్యపు శుద్ధి, తుఫాను రోజులలో ఒక ఇంటి ఆకలి, ఒక్కొక్కప్పుడు నిండు ప్రాణం కూడా ఈ చిన్న సంగతి మీద ఆధారపడి ఉంటాయి. అది ఎట్లాగో మనవి చేస్తాను.

ముందుగా శాస్త్రం ఏమన్నదో చూద్దాము. మన గోదావరి సీమలోని వైదికులలో అధికులు ఆపస్తంబ సూత్రాన్ని అనుసరించేవారు. హోమానికి నెయ్యిని సిద్ధం చేసే ఆజ్య సంస్కారాన్ని ఆ గృహ్యసూత్రం వివరంగా విధించింది. మీలో చాలామంది వివాహాలలో, ఉపనయనాలలో ఈ క్రియను చూసే ఉంటారు. నేతి పాత్రను ప్రజ్వరిల్లే అగ్ని మీద పెట్టరు. ప్రధానాగ్ని నుండి కొన్ని నిప్పులను ఉత్తరం వైపునకు వేరుగా లాగి, ఆ నిప్పుల మీద ఆజ్యస్థాలిని ఉంచుతారు. వెలిగించిన దర్భను పైనుండి చూపుతారు. రెండు దర్భ కొనలను నేతిలో వేస్తారు. నిప్పును దాని చుట్టూ మూడు మార్లు త్రిప్పుతారు. తరువాత పాత్రను ఉత్తరంగా దించి, వేరు చేసిన నిప్పులను మరల అగ్నిలో కలిపివేస్తారు.

పాకశాలలో పనిచేసేవాడు ఈ విధిని చూస్తే మొదట అతని కంటబడేది ఆ వేరు చేసిన నిప్పులే. ఆహుతిని స్వీకరించే అగ్ని వేరు, ఆజ్యాన్ని కరిగించే సెగ వేరు. మంత్రార్థం పెద్దలు చెప్పవలసినది. వంటవానికి మాత్రం అందులో ఒక చక్కని పాఠం ఉన్నది. కరగవలసిన పదార్థాన్ని మంటకు అప్పగించరాదు. దానికి తగినంత నిప్పును మాత్రమే తీసి ఇవ్వాలి. పని ముగిసిన వెంటనే ఆ నిప్పును చెదిరి పడి ఉండనీయక స్వస్థానానికి చేర్చాలి.

ఐతరేయ బ్రాహ్మణంలో మరొక రమణీయమైన విభాగం ఉన్నది. ఆజ్యం దేవతలకు, పరిమళించే ఘృతం మనుష్యులకు, సగం కరిగిన నెయ్యి పితృదేవతలకు, వెన్న గర్భస్థ శిశువులకు చెందినవని అక్కడ చెప్పబడింది. కరిగి ద్రవమైనది ఆజ్యమనీ, పేరుకొని గడ్డకట్టినది ఘృతమనీ వ్యాఖ్యాతలు భేదం చూపారు. ఒకే నెయ్యి కరిగే దశను బట్టి వేర్వేరు పేర్లు పొందినదంటే, మన పూర్వులు ఆ కరుగుటను ఎంత శ్రద్ధగా గమనించారో ఊహించవచ్చు.

ఇక పాకశాలలోకి వద్దాము. నెయ్యి మన శరీరపు వేడికే, అనగా 37 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరేసరికే దాదాపుగా కరిగిపోతుంది. గేదె నెయ్యి ఆవు నెయ్యి కంటె కొంచెం ఆలస్యంగా కరుగుతుంది. అరచేతిలో పూస కట్టిన నెయ్యి కాసేపటికే జారిపోవడం మీరందరూ చూచినదే. వేసవిలో మన డెల్టాలో నెయ్యి తనంత తానే ద్రవంగా ఉంటుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున పొంగలి నివేదించే వేళకు మాత్రం గట్టిగా పేరుకొని ఉంటుంది. ఎర్రగా రాజుకున్న బొగ్గు వేడి 600 డిగ్రీలకు పైమాటే. కావలసినది 40 డిగ్రీలు, చేతిలో ఉన్నది 600 డిగ్రీలు. ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్ని నేర్పుతో దాటించడమే ఈ విద్య.

నేరుగా నిప్పు మీద పెడితే పాత్ర అడుగున నెయ్యి పొగలు చిమ్ముతూ ఉంటుంది, పైన గడ్డ గడ్డగానే ఉంటుంది. కరిగిందని దించేసరికి అడుగు మాడిన వాసన మొత్తం నేతికి పడుతుంది. ఒక్క గరిటెడు మాడు నెయ్యి గంగాళమెడు చక్కెర పొంగలిని పాడుచేస్తుంది. స్వామికి నివేదించడానికి ముందు మనం రుచి చూడరాదు గదా! కాబట్టి తప్పు దొర్లితే తెలిసేది నివేదన పూర్తయి, భక్తుని చేతిలో ప్రసాదం పడిన తరువాతనే. అందుచేత ప్రసాదం చేసేవాడు నాలుక మీద ఆధారపడకుండా, కంటితో, ముక్కుతో, చెవితో పని నేర్చుకోవాలి.

మన భాషలో నిప్పుకు ఎన్ని స్థితులున్నవో గమనించండి. మంట, సెగ, కాక, వెచ్చదనం, గోరువెచ్చదనం అని ఒక్కొక్క స్థాయికి ఒక్కొక్క మాట ఉన్నది. పైన తెల్లని బూడిద పొర కప్పుకొని లోపల నిప్పు నిలిచి ఉన్న స్థితిని నివురుగప్పిన నిప్పు అంటాము. లోకవ్యవహారంలో ఈ మాటను బయటపడని కోపానికి, పొంచి ఉన్న ప్రమాదానికి వాడుతారు. పాకశాలలో మాత్రం అంతకంటె సాధువైన నిప్పు లేదు. ఆ నివురు పొర వేడిని ఒక్కసారిగా పైకి రానీయదు. గంటల తరబడి ఒకే తీరున సెగ అందిస్తుంది. అయితే ఆ మాటకు లోకం ఇచ్చిన అర్థం కూడా నిజమే. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. కుంపటిని గాలి ధారాళంగా ఆడే చోట, రెండు ఇటుకల మీద, కదలకుండా ఉంచండి. అడుగున కొబ్బరి పీచు, దాని మీద చిన్న బొగ్గులు, ఆపైన పెద్ద బొగ్గులు పేర్చి వెలిగించండి. సరుగుడు బొగ్గు, తుమ్మ బొగ్గు, కొబ్బరి చిప్పల బొగ్గు, ఏదైనా సరే, పొడిగా ఉండాలి. పొగ, మంట పూర్తిగా అణగి, బొగ్గుల మీద తెల్లని నివురు పట్టే వరకు విసనకర్రతో విసరండి. అంతవరకు పాత్ర పెట్టవద్దు. తొందరపడి పెడితే పొగ వాసన నేతికి అంటుతుంది.

తరువాత వెడల్పైన గిన్నెలో మూడు వ్రేళ్ల ఎత్తు నీరు పోసి కుంపటి మీద ఉంచండి. ఆ నీటిలో ఒక చిన్న చుట్టకుదురునో, రాతిబిళ్లనో అమర్చి, దాని మీద నేతి గిన్నెను నిలపండి. గిన్నె అడుగు కుంపటి మీది పాత్రకు నేరుగా తగలరాదు, గిన్నె అంచు నీటికి పైన ఉండాలి. నీరు ఆవిరి చిమ్ముతూ ఉండాలే కాని తెర్లరాదు. నీరు ఎంత కాగినా 100 డిగ్రీలు దాటదు. కాబట్టి నెయ్యి మాడిపోయే అవకాశమే లేదు. పొడి గరిటెతో అప్పుడప్పుడు కలుపుతూ, ముప్పాతిక వంతు కరగగానే దించివేయండి. మిగిలిన పావు వంతు కరిగిన నేతి వేడికే కరిగిపోతుంది. ఒక కిలో నేతికి ఈ పని అంతా సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. నేతిలో నీటిబొట్టు పడనీయకండి. నీరు తగిలిన నెయ్యి నిల్వకు రాదు, పోపుకు పెడితే చిటపటలాడి మీద పడుతుంది.

మన అమ్మమ్మలు దీనికి ఇంతకంటె సులువైన ఉపాయం ఎరుగుదురు. అన్నం వార్చి దించిన గిన్నె మూత మీద నేతి గిన్నె పెట్టేవారు. విస్తళ్లు వేసి, కూరలు వడ్డించి, ఆకు మీద అభికరించే వేళకు నెయ్యి కరిగి సిద్ధంగా ఉండేది. దానికి వేరుగా నిప్పు ఖర్చు కాలేదు, వేరుగా మనిషి కావలిసి రాలేదు. మీ ఇళ్లలో నేటికీ ఆచరించదగినది ఇది.

అన్నదానంలో 15 కిలోల నేతి డబ్బాలతో పని ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. సీలు తీయని డబ్బాను ఎన్నడూ నిప్పు మీద గాని, వేడినీటిలో గాని పెట్టరాదు. లోపలి గాలి వ్యాకోచించి డబ్బా పగిలే ప్రమాదం ఉన్నది. మూత పూర్తిగా తీసి, వేడినీరు పోసిన గంగాళంలో నిలబెట్టండి. పొరపాటున నేతికి మంట అంటుకుంటే నీరు చల్లవద్దు. నీరు తగిలిన మరుక్షణం మంట మనిషి ఎత్తున లేస్తుంది. మూతతోనో, పెద్ద పళ్లెంతోనో కప్పివేస్తే గాలి అందక మంట తనంత తానే అణగుతుంది.

బెల్లం సంగతి వేరు. నెయ్యి వలె బెల్లం ఊరికే కరగదు. ఒట్టి గిన్నెలో పెడితే మాడుతుంది. కిలో బెల్లం దంచి, పావు లీటరు నీరు చేర్చి, సన్నని సెగ మీద కరగనివ్వాలి. కరిగిన వెంటనే దించి పలుచని బట్టతో వడగట్టాలి. ఇసుక, చెరకు పీచు ఎంత వస్తుందో చూస్తే వడగట్టక వాడే సాహసం మరల చేయరు. పరమాన్నంలో పాలు విరగకుండా ఉండాలంటే పొయ్యి మీద తెర్లుతున్న పాలలో బెల్లం వేయరాదు. బెల్లంలోని పులుపు గుణం మరుగుతున్న పాలను విరగగొడుతుంది. అన్నం పాలలో ఉడికిన తరువాత దించి, కొంత చల్లారనిచ్చి, వడగట్టిన బెల్లపు నీటిని గోరువెచ్చగా కలపాలి. పాకం కావలసిన వంటలకు లేతపాకం, తీగపాకం, ఉండపాకం అని మెట్లున్నవి. ఒక బొట్టు నీటిలో వేసి చూస్తే పాకం తన దశను తానే చెబుతుంది. కుంపటి మీద ఈ మెట్లు నెమ్మదిగా వస్తాయి. చూడడానికి, దించడానికి వ్యవధి దొరుకుతుంది.

తేనెను మాత్రం నిప్పుకు చూపనే వద్దు. వేడి చేసిన తేనెను ఆయుర్వేదం నిషేధించింది. పంచామృతానికి తెచ్చిన తేనె చలికి పలుకు కట్టి ఉంటే, సీసాను గోరువెచ్చని నీటిలోనో, ఎండలోనో కొంతసేపు ఉంచితే చాలు. అట్లే పంచామృతంలో వేసే నెయ్యి కూడా కరిగినదై ఉండాలి, వేడిగా ఉండరాదు. కంచు పాత్రలో పది రాత్రులు నిల్వ ఉన్న నెయ్యిని కూడా ఆయుర్వేద గ్రంథాలు వర్జ్యంగా చెప్పాయి. దాతలు కంచు పాత్రలు సమర్పించినప్పుడు వాటిని వడ్డనకు వినియోగించండి, నేతి నిల్వకు వద్దు.

ఈ సెగ విద్య మన డెల్టాకు ఎందుకు ఇంతగా అలవడినదో ఆలోచించండి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఈ నేల అంతా వరిచేలు, కాలువలు, కొబ్బరి తోటలు అయినది. కలప ఇచ్చే అడవి మన ముంగిట లేదు, ఎగువన పాపికొండల దిక్కున ఉన్నది. మనకు దొరికినవి ఊక, వరిగడ్డి, కొబ్బరి మట్టలు, కొబ్బరి డొక్కలు, పిడకలు. ఇందులో ఆకులు, గడ్డి క్షణంలో భగ్గుమంటాయి. ఊక, పిడకలు రోజంతా నెమ్మదిగా రగులుతాయి. ఈ రెండు స్వభావాలనూ మన వారు పనికి తగినట్లు వాడుకున్నారు. నేలలో గుంట తీసి, పిడకలు రాజేసి, పాలకుండను ఉదయం నుండి సాయంత్రం వరకు దాలిలో ఉంచేవారు. పాలు పొంగవు, మాడవు, ఎర్రగా కాగి అరచేతి మందాన మీగడ కడతాయి. దాలి పాల తోడుతో చిలికిన వెన్న, ఆ వెన్న కాచిన నెయ్యి ఒకప్పుడు మన ఆలయాలకు నిత్యం వచ్చేవి.

ఆత్రేయపురం పూతరేకులనే చూడండి. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట పెట్టి, బియ్యపు పిండి నీటిలో తడిపిన బట్టను కుండ మీదుగా ఒక్కమారు లాగితే, కనురెప్పపాటులో రేకు తేలుతుంది. అక్కడ మంట కావాలి. ఆ తరువాత ఆ రేకు మీద చల్లే నేతికి మాత్రం మంట పనికిరాదు. పేరిన నెయ్యిని పూస్తే రేకు చిరుగుతుంది. కరిగి, చల్లగా జారే నెయ్యి అయితేనే రేకు అంతటా సమంగా పరుచుకుంటుంది. ఒక్క తినుబండారంలోనే మంటకు, సెగకు వేర్వేరు పనులు అప్పగించిన నేర్పు ఆ ఊరి స్త్రీలది. అన్నవరం సత్యనారాయణ స్వామివారి ప్రసాదం ఆకు పొట్లం విప్పగానే వచ్చే సువాసన మీ అందరికీ తెలిసినదే. గోధుమనూక, చక్కెర, నెయ్యి, యాలకులు, ఇంతే అందులోని సామగ్రి. సామగ్రి స్వల్పమైనప్పుడు దాచుకోవడానికి చోటు ఉండదు. నెయ్యి బాగుంటేనే ప్రసాదం బాగుంటుంది.

పదార్థాన్ని సన్నని సెగ మీద కరిగించుకొని తినడం మన ఒక్కరికే చెందిన విద్య కాదు. స్విట్జర్లాండు దేశపు చలి కొండలలో జున్నును చిన్న స్పిరిటు దీపం మీద కరిగించి, నలుగురూ చుట్టూ కూర్చుండి రొట్టె ముక్కలు అద్దుకొని తింటారు. దానిని ఫాండ్యూ అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కరిగినది అనే అర్థం. మన పెళ్లి విందులలో వరుసగా పెట్టే పెద్ద పాత్రల కింద నేడు వెలిగిస్తున్న జెల్ ఇంధనపు డబ్బీలు కూడా ఆ కోవలోనివే. అక్కడ కూడా పాత్రకు, దీపానికి నడుమ నీరే ఉంటుంది. దేశమేదైనా, ఇంధనమేదైనా, మంటకు పదార్థానికి మధ్య నీటిని పెద్దమనిషిగా నిలపడమే ఉపాయం.

అయితే నేటి ఇంధనాలలో వివేకం అవసరం. హారతి కర్పూరం మీద ఆహారాన్ని వేడి చేయరాదు. దాని పొగ, మసి తినదగినవి కావు. పాయసంలో వేసే పచ్చకర్పూరం వేరు, హారతి కర్పూరం వేరు. మండుతున్న జెల్ డబ్బీలో మరల జెల్ పోయరాదు. ఎండలో దాని మంట కంటికి కనబడదు, ఆరిపోయిందనుకొని పోస్తే చేతిలోని సీసాకే అంటుకుంటుంది. పూర్తిగా ఆరి, చల్లబడిన తరువాతనే ముట్టుకోండి. వన సమారాధనలో ఉసిరి చెట్టు కింద వంట చేసేవారు చెట్టు మొదలుకు దూరంగా పొయ్యి పెట్టాలి, వెళ్లే ముందు నిప్పు మీద నీరు పోసి, బూడిదను కలియబెట్టి, మరల నీరు పోయాలి. పూజించిన చెట్టు వేళ్లు కాలితే ఆ పూజకు ఫలమేమి?

ఇక అసలు విషయానికి వస్తాను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన పెను తుఫానును మీలో పెద్దవారు మరచిపోలేరు. దీపావళికి నాలుగు రోజుల ముందు కోనసీమ అంతా చీకటి అయినది. వెయ్యి మందికి పైగా మృతి చెందారు. కొబ్బరి చెట్లు లెక్కకు మిక్కిలిగా నేలకూలాయి. అప్పుడు నేను కోనసీమలోని ఒక చిన్న ఆలయ పాకశాలలో సేవలో ఉన్నాను. కరెంటు స్తంభాలు విరిగి చేలలో పడ్డాయి. ఊరినిండా కూలిన చెట్లే, కాని ఒక్క పుల్ల అయినా అంటుకోదు, అంతా పచ్చిది, తడిసినది. మా పాకశాల పెద్దలు అటక మీద మట్టి కాగులో మూత పెట్టి దాచిన బొగ్గులు మాత్రం పొడిగా ఉన్నాయి.

ఆ బొగ్గులతోనే స్వామికి మహానైవేద్యం తప్పకుండా జరిగింది. ఆ కుంపట్ల మీదనే బెల్లం కరిగించి, శొంఠి వేసి, వానలో తడిసి వచ్చిన పిల్లలకు వెచ్చగా పోశాము. వేడి అన్నంలో కరిగిన నెయ్యి, ఉప్పు కలిపి వృద్ధులకు ముద్దలు పెట్టాము. బియ్యం, బెల్లం, నెయ్యి, నాలుగు బొగ్గులు, ఇవే ఆ రోజులలో మా ఊరిని నిలబెట్టాయి. దేవుని వంటగది కష్టకాలంలో ఊరి వంటగది అవుతుందని నేను ఆనాడు కళ్లారా చూశాను.

ఆ రోజులలోనే మరొక దృశ్యం కూడా చూశాను. పొరుగు గ్రామంలో ఒక ఇంట అత్తగారు, బాలెంత అయిన కోడలు, పసిబిడ్డ ఉన్నారు. వానజల్లు, చలిగాలి లోపలికి రాకుండా తలుపులు, కిటికీలు బిగించి, బిడ్డకు వెచ్చగా ఉంటుందని నివురుగప్పిన కుంపటిని గదిలో పెట్టుకొని నిద్రించారు. తెల్లవారి పిలిచినా పలకకపోయేసరికి ఇరుగుపొరుగువారు తలుపు పగులగొట్టారు. ముగ్గురినీ బయట గాలిలోకి మోసుకొని వచ్చి, పడవ మీద ఆసుపత్రికి చేర్చారు. భగవంతుని దయవలన ముగ్గురూ బ్రతికారు. ఇంకొక గంట ఆలస్యమై ఉంటే నేను ఈ మాట మరొక విధంగా చెప్పవలసి వచ్చేది.

దీని కారణం తెలుసుకోండి. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వస్తే దగ్గుతాము, మేలుకుంటాము. నివురుగప్పిన నిప్పుకు పొగ ఉండదు కాబట్టి మేలుకొలిపేవారు ఉండరు. ఆ వాయువు మన రక్తంలో ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకొని, ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. మొదట తలనొప్పి, తరువాత తలతిరుగుడు, వాంతి, మగత. మగతను నిద్ర అనుకుంటాము. నివురుగప్పిన నిప్పు అన్న మాటకు లోకం ఇచ్చిన అర్థం నిజమే అని ఇందాక అన్నది ఇందుకే. నేతికి అంత సాధువైన నిప్పు మూసిన గదిలో మనిషికి మృత్యువు.

కష్టం ఎక్కడ ఉన్నదంటే, కుంపటి అవసరమయ్యే రోజులే తలుపులు మూసుకోవలసిన రోజులు కూడా. అందుచేత ఈ నియమాలను మంత్రం వలె గుర్తుంచుకోండి. కుంపటి స్థానం వసారా, అరుగు, పెరటి చావడి. గాలివాన మరీ ఎక్కువై లోపలికి తేవలసి వస్తే, వంట అయ్యేవరకు ఎదురెదురుగా ఉన్న తలుపును, కిటికీని తెరచి ఉంచాలి. వంట కాగానే నిప్పును ఆరుబయటకు చేర్చాలి. కుంపటి ఉన్న గదిలో ఎవ్వరూ నిద్రించరాదు. వెచ్చదనం కావాలంటే నిప్పును కాదు, వేడినీరు నింపిన పాత్రను గదిలో పెట్టుకోండి. ఎవరికైనా తలనొప్పి, మగత కనిపిస్తే ముందు బయటి గాలిలోకి తీసుకురండి, ఆ తరువాత 108కి కబురు చేయండి.

వంటగ్యాసు ఉండగా ఈ కుంపట్లు ఎందుకని కొందరు యువకులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1999లో మన రాష్ట్రంలో మొదలైన దీపం పథకం వంటి వాటివలన లక్షల మంది తల్లులకు పొగ బాధ తప్పింది. పొగ పొయ్యిలకు మరల వెళ్లండని నేను ఎన్నడూ చెప్పను. సిలిండరు ఉన్నంతకాలం దానినే వాడండి. నీటి గిన్నెలో నేతి గిన్నె అనే పద్ధతి గ్యాసు పొయ్యి మీద కూడా చక్కగా పనిచేస్తుంది. కాని 1986 ఆగస్టు వరదలలో, 1996 తుఫానులో దారులే లేకుండా పోయాయి. దారి లేనినాడు సిలిండరు రాదు. ఆ కొద్ది రోజులకు చేతనైన విద్య ఒకటి ఇంట ఉండాలి.

ఇందుకై ప్రతి గృహస్థునికి నా విన్నపం. ఇంట ఒక చిన్న కుంపటి, మూత ఉన్న డబ్బాలో అయిదు కిలోల పొడి బొగ్గు, తేమ తగలని డబ్బీలో అగ్గిపెట్టె, ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు గిన్నెలు, ఒక పట్టకారు, ఒక విసనకర్ర ఉంచుకోండి. సంవత్సరానికి ఒకమారు, కార్తిక మాసంలో, ఇంటి పిల్లల చేత ఆరుబయట ఆ కుంపటి వెలిగింపజేసి నెయ్యి కరిగింపజేయండి. ఒక పూట నేర్చిన పని పదేళ్ల తరువాత అక్కరకు వస్తుంది.

దాతలకు కూడా ఒక విన్నపం. మన పాకశాలకు విద్యుత్ పొయ్యిలు, ఆవిరి పాత్రలు సమర్పించాలని కొందరు ఉదారంగా ముందుకు వచ్చారు. వాటిని సంతోషంగా స్వీకరించవలసిందే. వాటితో పాటు నాలుగు వైపులా గాలి ఆడే ఒక చిన్న చావడి, అందులో పది కుంపట్లు, ఎత్తైన బొగ్గు గది ఒకటి ఏర్పాటు చేయగలిగితే మరింత మేలు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. లక్షలాది యాత్రికులు వచ్చే ఆ రోజులలో తీగ తెగినా, దారి మూసుకుపోయినా, స్వామి నైవేద్యం ఆగరాదు, భక్తుని ఆకు ఖాళీగా ఉండరాదు. విద్యుత్ పొయ్యి మీద దాత పేరు చెక్కి ఉంటుంది. బొగ్గు గది మీద చెక్కినా చదివేవారు తక్కువే. అయినను ఆపదనాడు అన్నం పెట్టిన పుణ్యం ఆ గదికే ఎక్కువగా చెందుతుంది.

ఆజ్యం కరిగించిన నిప్పులను తిరిగి అగ్నిలో కలపమన్నది శాస్త్రం. నేటి సాయంత్రం ఇక్కడ కుంపట్లతో అభ్యాసం ఉన్నది. అందరూ పాల్గొనండి. ముగిసిన తరువాత ఒక్క నిప్పు అయినా మిగలకుండా ఆర్పి, బూడిద చల్లారినదని చేతితో చూసిన తరువాతనే ఇళ్లకు బయలుదేరండి. మీ చేతి ప్రసాదం స్వామికి ప్రీతి కలిగించు గాక. మీ ఇండ్లలో పొయ్యి ఎన్నడూ చల్లబడకుండు గాక.

స్వస్తి.